“ఫ్యాన్లు బిగించాం సార్” అని అమ్మే ఆడియో ర్యాక్‌లతో జాగ్రత్త

హోమ్ థియేటర్ కోసం ర్యాక్ చేయించుకుంటున్నవాళ్లు బ్యాలెన్స్ డబ్బు చేతికిచ్చే ముందు ఇది చదవండి. హైదరాబాద్‌లో ఇంటీరియర్ పనులు చేసే ఒక షాపువాళ్లు చేసిచ్చిన ర్యాక్ మా ఏవీ రిసీవర్ (సినిమా సౌండ్‌ని స్పీకర్లకి పంపే పెట్టె) ప్రాణం మీదకి తెచ్చింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. కానీ ఇలాంటి డిజైన్ మీకూ చూపిస్తారు.

మేం ఏం కావాలో విడమరిచి చెప్పాం. రిసీవర్, పవర్ ఆంప్ (స్పీకర్లకి సౌండ్ పెంచి ఇచ్చేది), సెట్‌టాప్ బాక్స్ పట్టాలి. పిల్లల చేతులు తగలకుండా ముందు గ్లాసు తలుపు ఉండాలి. లోపలి వేడి బయటికి పోవాలి. కొటేషన్‌లో “18 ఎంఎం 710 ప్లైవుడ్ (నీటికి తట్టుకునే రకం), యాక్టివ్ కూలింగ్ (ఫ్యాన్లతో చల్లబరచడం)” అని రాశారు, డ్రాయింగ్‌లో కింద గాలి వచ్చే జాలీ కూడా గీశారు. తీరా ఇంటికొచ్చిన ర్యాక్‌కి ఆ జాలీ లేదు. అడిగితే “దుమ్ము పడుతుందని మూసేశాం సార్, వెనకాల ఫ్యాన్లున్నాయిగా” అన్నారు.

ఆ ఫ్యాన్ల సంగతే అందరికీ తెలియాలి. రెండు 80 ఎంఎం ఫ్యాన్లు, వెనక పలకకి నడిమధ్యలో పక్కపక్కనే బిగించారు. ఒకటి గాలిని లోపలికి తోస్తుంది, ఇంకోటి బయటికి లాగుతుంది. వినడానికి బాగానే ఉంది. ర్యాక్‌ని గోడకి దగ్గరగా జరిపి, తలుపు మూసి, ఫ్యాన్ల పక్కన అగరుబత్తి వెలిగించి పట్టుకున్నాం. బయటికొచ్చిన పొగ గోడకి తగిలి, జానెడు దూరం కూడా పోకుండా వంగి, పక్క ఫ్యాన్‌లోంచి మళ్లీ లోపలికే పోయింది. అంటే ఉన్న వేడిగాలే తిరుగుతోంది. గదిలో 30 డిగ్రీలుంటే పై అరలో పెట్టిన థర్మామీటర్ 50 దాటింది. సినిమా సగంలో ఉండగా రిసీవర్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి, అంటే వేడికి పాడవకుండా తనంతట తానే ఆగిపోవడం మొదలైంది.

“సౌండ్ తక్కువ పెట్టుకోండి” అని షాపాయన సలహా. అది పనికిరాదు. ఎక్కువ రిసీవర్లలో ఉండే క్లాస్ ఏబీ రకం ఆంప్‌లు సౌండ్ తక్కువున్నా వేడెక్కుతూనే ఉంటాయి, లాగిన కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది. తక్కువ వేడెక్కే క్లాస్ డీ రకం ఆంప్ అయితే కొంత నయం. వేడి చేసే నష్టం వెంటనే బయటపడదు కూడా. లోపలుండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల (కరెంటుని కాసేపు నిల్వచేసే చిన్న భాగాలు) ఆయుష్షు వేడి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాదాపు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్‌వాళ్ల లెక్క. మా రిసీవర్ విప్పిన సర్వీస్ ఇంజనీరు మొదట అడిగిన మాట, “మూసిన కప్‌బోర్డులో పెట్టారా?” మాన్యువల్‌లో పైన, పక్కల ఎంత ఖాళీ వదలాలో రాసి ఉంటుంది. అంత ఖాళీ లేకపోతే వారంటీ దగ్గర మన మాట చెల్లకపోవచ్చు.

ప్లైవుడ్ మాటా అంతే. వైర్ల కోసం కొట్టిన రంధ్రం అంచుకి టేపు వేయలేదు. అక్కడ గోరుతో గీకితే పొరలు కనపడలేదు, పొట్టు రాలింది. పైన లామినేట్, లోపల పార్టికల్ బోర్డు (చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసిన పలక). బరువైన ఆంప్ పెట్టిన అర అప్పుడే మధ్యలో కుంగింది.

తర్వాత తెలిసిన కార్పెంటర్‌తో సరిచేయించాం. నడుమ కొట్టిన రంధ్రాలు మూసేసి, కింద ముందువైపు పొడవాటి సందు తీశాడు, బల్లులు దూరకుండా సన్నజాలీ కొట్టాడు. వెనక పైభాగంలో రెండు 120 ఎంఎం ఫ్యాన్లు, రెండూ గాలిని బయటికి లాగేవే. పెద్ద ఫ్యాన్ మెల్లగా తిరిగినా సరిపోతుంది, అందుకే చప్పుడు ఉండదు. 12 వోల్టుల ఫ్యాన్‌ని 7 వోల్టుల మీద నడిపితే పాటల మధ్య నిశ్శబ్దంలో కూడా వినపడదు. ఎక్కువ వేడెక్కే ఆంప్‌ని పై అరకి మార్చాం, దాని వేడి మిగతావాటికి తగలకుండా. గోడకీ ర్యాక్‌కీ మధ్య నాలుగంగుళాలు వదిలాం. ఇప్పుడు అగరుబత్తి కింది సందు దగ్గర పెడితే పొగ సూటిగా లోపలికి పోతోంది. రిసీవర్ మళ్లీ ఆగలేదు.

ఖర్చు మాత్రం రెండుసార్లు అయింది. జీఎస్టీ బిల్లు, సంతకం ఉన్న డ్రాయింగ్ మా దగ్గర ఉండబట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయగలిగాం. తెల్ల కాగితం మీద కొటేషన్ ఇచ్చి, బిల్లు వద్దంటే తగ్గిస్తామనేవాళ్ల దగ్గర అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. బిల్లు ఇస్తామని ఒప్పుకున్నాక “యాక్టివ్ కూలింగ్” అనే రెండు ముక్కలతో సరిపెట్టనివ్వకుండా గాలి ఎక్కడ లోపలికొస్తుంది, ఎక్కడ బయటికి పోతుంది, ఫ్యాన్ సైజు ఎంత, అర ఏ చెక్క అన్నీ రాయించుకోండి. ర్యాక్ ఇంటికొచ్చాక ఆంప్ లోపల పెట్టి, తలుపు మూసి, రెండు గంటలు నడిపి, థర్మామీటర్ చూసుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వండి.