అవీజ్‌లో రెండు రాత్రులు: రైతు కుటుంబాల షాంపేన్ వెతుక్కుంటూ

పారిస్‌లోని గార్ ద లెస్ట్ స్టేషనులో ఎక్కిన రైలు మమ్మల్ని 45 నిమిషాలకే, షాంపేన్ అనే నురగ వైన్ తయారయ్యే ప్రాంతంలోని రాంస్ నగరంలో దించింది. పాత సుద్దరాతి గనులనే నేలమాళిగలుగా మార్చుకున్న పెద్ద షాంపేన్ కంపెనీలు అక్కడ ఉన్నాయి; ఆ మాళిగలకు 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు కూడా లభించింది. అవి తప్పక చూడదగ్గవే. అనేక గ్రామాల వైన్లను కలిపి ఏటేటా ఒకే రుచి తేవడం గొప్ప విద్యే అయినా, గుంపుతో నడిచి చివర తాగిన ఆ ఒక్క గ్లాసులోని ద్రాక్ష ఏ నేలలో పండిందో మాకు తెలియలేదు.

తర్వాత ఎపెర్నే పట్టణంలో రెండు రాత్రులు ఉన్నాము. హోటలు శుభ్రంగా ఉంది, భోజనానికి ఇబ్బంది లేదు, కానీ వీధి చప్పుడుకు నిద్ర పట్టలేదు. అక్కడి నుంచి దక్షిణాన ఉన్న అవీజ్ గ్రామానికి ముందురోజే మాట్లాడుకున్న టాక్సీ రాకపోవడంతో గంటసేపు రోడ్డు మీద నిలబడ్డాము.

అవీజ్‌లో ఒక ద్రాక్ష రైతు ఇంటి మేడగదిలో దిగాము. ఈ చుట్టుపక్కల తోటల్లో దాదాపు అంతా షార్డొనే అనే తెల్ల ద్రాక్ష రకమే. సాధారణ షాంపేన్‌ను కనీసం 15 నెలలు, ఒకే ఏటి పంటతో చేసినదాన్ని 3 ఏళ్లు మాగబెట్టాలని చట్టం చెబుతుండగా, ఈ కుటుంబం మామూలు సీసాలను సైతం నాలుగేళ్లు మాళిగలోనే ఉంచుతుంది. ఇంటావిడ ఒక సీసాను తలకిందులుగా పట్టుకుని, మూత ఊడదీస్తూనే పైకి తిప్పి, సీసాలోనే పులిసినప్పుడు మిగిలి మెడలో పేరుకున్న ఈస్టు మడ్డి ఎగిరిపోయేలా చేసి చూపించారు. ఆ తర్వాత రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టారు. సుద్దరాయి పైకి తేలిన గట్టు పొలానిది నిమ్మపులుపుతో సూటిగా ఉండి చివర కాస్త ఉప్పదనం మిగిల్చింది. మట్టి మందంగా ఉన్న దిగువ పొలానిది పండిన ఆపిల్ వాసనతో మెత్తగా సాగింది. మా ఊళ్లో కల్లు తాగేవారు ఫలానా చెట్టుదని అడిగి మరీ పోయించుకోవడం గుర్తొచ్చి, ఆమెకు చెప్పాను. చాలాసేపు తాటిచెట్టు గురించే అడిగారు. సీసాలు కొన్నందున రుచి చూసినదానికి డబ్బు తీసుకోలేదు. ఒక్కోటి 30 యూరోల లోపే.

కొనేటప్పుడు లేబులు మీది చిన్న అక్షరాలు చూడండి: ‘ఆర్.ఎం.’ అని ఉంటే ద్రాక్ష పండించిన రైతే షాంపేన్ తయారు చేశాడని, ‘ఎన్.ఎం.’ అని ఉంటే సాధారణంగా ద్రాక్షను ఇతరుల దగ్గరా కొనే వ్యాపార సంస్థదని అర్థం. ముందుగా ఉత్తరం రాసి సమయం అడగనిదే వెళ్లకూడదు. మధ్యాహ్న భోజన వేళ తలుపులు మూస్తారు, కోతల రోజుల్లో మాట్లాడే తీరికా ఉండదు. మేమున్న ఆదివారం ఊళ్లో తినడానికి ఏమీ దొరక్క, ఇంటివారు పెట్టిన రొట్టె, జున్నులతోనే సరిపెట్టుకున్నాము. మళ్లీ వెళ్తే ఎపెర్నేలో ఒక్క రాత్రి, అవీజ్‌లో మూడు రాత్రులు ఉంటాము. కారు మాత్రం రాంస్‌లోనే అద్దెకు తీసుకుంటాము.