వారం కబురు ఇంటికి చేరాలంటే: కాగితమా, వాట్సాపా, ఎస్సెమ్మెస్సా? మిషన్ బడికి ఏది మేలు?

నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి వైపు మిషన్ బళ్లలో చదివే పిల్లలందరూ క్రైస్తవుల పిల్లలే కారు. క్రైస్తవుల్లో కూడా క్యాథలిక్కులు వేరు, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వేరు, బాప్టిస్టులు, ఎంబీ (మెనోనైట్ బ్రెదరన్) సంఘం, పెంతెకొస్తు వేరు. హిందూ, ముస్లిం కుటుంబాలుంటాయి, తండాల నుంచి బస్సెక్కే పిల్లలుంటారు. పాలమూరు దిక్కు పోతే తండ్రి ముంబైలోనో పుణెలోనో పనికి పోయి, పిల్లలు నాయనమ్మ దగ్గర ఉండి చదువుకునే ఇళ్లు కూడా తగులుతాయి. ఇన్ని తీర్ల ఇళ్లకు ప్రతి వారం ఒకే కబురు చేరాలి: పరీక్ష ఎప్పుడు, ఫీజు గడువు ఎప్పుడు, బస్సు ఎన్నింటికి, క్రిస్మస్ కార్యక్రమానికి ఏ బట్టలు.

మా తీర్పు ముందే చెప్తాం. వారానికొక అర కాగితం ఆధారంగా ఉండాలి, వాట్సాప్ దాని వెంట నడవాలి. చాలా బళ్లు ఇప్పుడు దీన్ని తలకిందులు చేసి, కాగితం మానేసి వాట్సాప్ మీదే బతుకుతున్నాయి. అందులో ఇబ్బంది ఎక్కడుందో చూద్దాం.

డైరీలో రాయించడం

పైసా ఖర్చు లేదు. మూడో తరగతి పైన పిల్లలు బోర్డు చూసి రాసుకుంటారు. కాని 40 మంది తరగతిలో రాయించి, సరిచూసి, సంతకం పెట్టేసరికి ఒక పీరియడ్ పోతుంది. '19'ని '16' అని రాసుకున్న పిల్ల ఇంట్లో ఆ తప్పే నిజమవుతుంది. ఎల్కేజీ, యూకేజీ, ఒకటో తరగతి పిల్లలకు టీచరే రాయాలి. డైరీ ఒక్క పిల్లవాడికి సంబంధించిన మాటకు మంచిది: జ్వరంగా ఉంది, లెక్కల పుస్తకం తేలేదు, రేపు తాతను రమ్మనండి. బడి మొత్తానికి చెప్పాల్సిన కబురుకు అది పనికిరాదు.

అర కాగితం

ఏ4 కాగితాన్ని అడ్డంగా రెండు ముక్కలు చేస్తే వచ్చే ఏ5 సైజు చాలు. పిల్లల లెక్కన కాదు, ఇంటి లెక్కన పంచాలి. 300 కుటుంబాలున్న బడికి 150 ఏ4 కాగితాలు, పైన పది. 500 కాగితాల రీము మూడు వారాలు వస్తుంది. ఒకవైపే అచ్చు వేయాలి. 70 జీఎస్ఎం పల్చటి కాగితం మీద రెండు వైపులా వేస్తే వెనక అక్షరాలు ముందుకు కనబడతాయి, పైగా గోడకు అంటిస్తే సగం విషయం గోడపాలు.

ఇంటికొకటి అన్నప్పుడు అందరూ పెద్దపిల్లకు ఇస్తారు, బాధ్యత తెలుసు కదా అని. మేం చిన్నపిల్లకే ఇవ్వమంటాం. టిఫిన్ బాక్సు తీయడానికి అమ్మ రోజూ తెరిచేది చిన్నపిల్ల సంచి. తొమ్మిదో తరగతి పిల్లవాడి సంచిలోకి ఎవరూ తొంగిచూడరు, అందులో పడ్డ కాగితం పరీక్షల దాకా అడుగునే ఉంటుంది.

ఆ రోజు బడికి రాని పిల్లల కాపీల మీద పేరు రాసి హాజరు పట్టీలో క్లిప్పు పెట్టాలి. లేకపోతే సోమవారం ఆ కాగితం సంగతి ఎవరికీ గుర్తుండదు.

పంచేది శుక్రవారం సాయంత్రం. శనివారం ఇస్తే చదివిన తల్లికి అనుమానం వచ్చినా అడగడానికి ఆదివారం ఆఫీసు ఉండదు. శుక్రవారం ఇస్తే శనివారం ఫోన్ చేయొచ్చు, చార్టో తెల్ల చొక్కానో కొనాల్సి వస్తే ఆదివారం చేతిలో ఉంటుంది.

కాగితంతో అసలు చిక్కు రాతలోనే. ఎక్కువ బళ్లలో మొదట బైబిలు వాక్యం, తర్వాత ప్రిన్సిపాల్ సందేశం, ఆ తర్వాత 'తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా' అని మొదలై, తేదీ ఎక్కడో ఏడో వరుసలో తేలుతుంది. మిషన్ బడి కాగితం మీద వాక్యం ఉండాల్సిందే, ఒక్క వరుస, రెఫరెన్సుతో. సందేశం మాత్రం కిందికి పోవాలి, నాలుగు వరుసలు దాటొద్దు. పైన ఇలా ఉండాలి:

*డిసెంబరు 18, శుక్రవారం. క్రిస్మస్ కార్యక్రమం సాయంత్రం 4 గంటలకు, బడి ఆవరణలో.*
*1 నుంచి 5 తరగతుల పిల్లలు 3 గంటలకే తయారై రావాలి. తెల్ల బట్టలు. కొత్తవి కొనాల్సిన పని లేదు.*
*హాలియా, కొండమల్లేపల్లి బస్సులు రాత్రి 7:30కి కదులుతాయి. తీసుకుపోయేవాళ్లు 7కల్లా గేటు దగ్గర ఉండాలి.*

'కొత్తవి కొనాల్సిన పని లేదు' అన్న చిన్న మాట రాయకపోతే ఆ వారమంతా ఆఫీసు ఫోన్ మోగుతూనే ఉంటుంది. 'తీసుకుపోయేవాళ్లు' అనడం కూడా కావాలని పెట్టిందే. 'తల్లిదండ్రులు రావాలి' అని రాస్తే, వాళ్లు ఊళ్లో లేని ఇంట్లో నాయనమ్మ తాను రావొచ్చో లేదో తెలియక ఆగిపోతుంది.

అనుమతి చీటీ ఉంటే కత్తిరించే గీత కిందనే ఉంటుంది. అక్కడ జరిగే తప్పు: కార్యక్రమం తేదీ, సమయం చీటీ భాగంలోనే అచ్చవుతాయి. తల్లి సంతకం చేసి చీటీ కత్తిరించి పంపగానే తేదీ కూడా బడికి వెళ్లిపోతుంది, ఇంట్లో మిగిలేది సందేశం. తేదీ, సమయం పైభాగంలోనూ ఉండాలి, చీటీలోనూ ఉండాలి. చీటీలో పిల్ల పేరు, తరగతి, సెక్షన్, బస్సు రూటు, సంతకం చేసినవాళ్ల పేరు, పిల్లకు ఏమవుతారో అడగాలి.

ఈ చీటీని వాట్సాప్‌లో బొటనవేలు ఎమోజీతో తీర్చేయొద్దు. రాజ్యాంగంలోని 28(3) అధికరణ ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న లేదా ప్రభుత్వ సొమ్ము అందుకునే విద్యాసంస్థలో మతబోధలో, ఆరాధనలో పాల్గొనమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. మైనరైతే సంరక్షకుల సమ్మతి కావాలి. గుడారాల పండుగకు, ప్రత్యేక ప్రార్థన కూడికకు, పూజాబలికి (క్యాథలిక్కుల మాస్) పిల్లల్ని కూర్చోబెట్టే బడి సంతకమున్న కాగితం దాచుకోవడమే క్షేమం. చీటీలో 'పాల్గొంటారు', 'పాల్గొనరు' అని రెండు గళ్లు ఉండాలి, ఒకటే ఉంటే అది అడిగినట్టు కాదు. పాల్గొనని పిల్లలు ఆ గంట ఎక్కడ ఉంటారో, ఎవరు చూసుకుంటారో ఒక్క వరుస రాయాలి. ముస్లిం ఇళ్ల నుంచి, అయ్యప్ప మాల వేసుకున్న ఇళ్ల నుంచి ముందుగా వచ్చే ప్రశ్న అదే.

వాట్సాప్

వేగంలో దీన్ని మించింది లేదు. రాత్రి 9 గంటలకు వాన మీద కలెక్టర్ సెలవు ప్రకటిస్తే కాగితం ఏం చేయగలదు? ముంబైలో ఉన్న తండ్రికి కూడా అదే నిమిషంలో చేరుతుంది. మెసేజ్ ఎవరు చూశారో తెలుస్తుంది.

కాని గ్రూపును తెరిచి వదిలేస్తే గుడ్ మార్నింగ్ బొమ్మల కింద ఫీజు గడువు మునిగిపోతుంది. అడ్మిన్‌లే పంపేలా సెట్టింగ్ మార్చాలి. వారం కబురును ఏడు రోజులకు పిన్ చేయాలి. బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: బడి నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. ఫోన్ మార్చిన తల్లి పేరు లిస్టులో ఉంటుంది, మెసేజ్ మాత్రం పోదు, బడికేమో చెప్పామన్న ధీమా. మామూలు గ్రూపులో ఒకరి నంబరు అందరికీ కనబడుతుంది, తల్లుల నంబర్లకు తెలియనివాళ్ల ఫోన్లు మొదలయ్యేది అక్కడే. వాట్సాప్‌లోనే ఉండే 'కమ్యూనిటీ' పెట్టి దాని ప్రకటనల గ్రూపులో పంపితే మిగతా సభ్యులకు నంబరు కనబడదు.

తప్పు తేదీ పోతే 15 నిమిషాల లోపల మెసేజ్‌ను ఎడిట్ చేయొచ్చు. అది దాటితే పాతది అందరికీ డిలీట్ కొట్టి, 'సవరణ' అని మొదలుపెట్టి కొత్తది పంపాలి. పాతది ఉంచి కొత్తది పంపితే ఊళ్లో రెండు తేదీలు తిరుగుతాయి. ప్రతి మెసేజ్‌లో పంపిన తేదీ, సంవత్సరం ఉండాలి. నిరుటి వాన సెలవు మెసేజ్ ఈ ఏడు ఫార్వర్డ్ అయి రావడం కొత్తేం కాదు.

ఏ4 కాగితాన్ని పీడీఎఫ్ చేసి పంపి చేతులు దులుపుకోవడం కూడా బళ్లకు అలవాటైంది. ఐదున్నర అంగుళాల ఫోన్‌లో ఆ అక్షరాలు చీమలబారే. పది వరుసల మెసేజ్‌గా టైపు చేసి పంపాలి. ఇక్కడ డీటీపీ (అచ్చు కోసం కంప్యూటర్‌లో టైపు చేసే) చిక్కొకటి ఉంది. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్‌ను వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలొస్తాయి. మొదటే ఫోన్లన్నీ చదవగల యూనికోడ్‌లో కొట్టి, అచ్చుకు మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంటు పెడితే ఒక్కసారి టైపు చేసింది రెంటికీ సరిపోతుంది.

చదవడం రాని అమ్మమ్మకు, తండాలో తల్లికి వాయిస్ మెసేజ్ వరం. 40 సెకన్లు దాటొద్దు, ఒక వాయిస్‌లో ఒకే సంగతి, తేదీ మొదట ఒకసారి, చివర మళ్లీ ఒకసారి. లంబాడీలో మాట్లాడగల ఆయమ్మో టీచరో ఉంటే ఆమె చేతే చెప్పించాలి. మహబూబ్‌నగర్ టౌన్‌లో ఉర్దూలో ఇంకొకటి పంపితే మంచిది. వాయిస్‌కున్న లోటు వెతకలేకపోవడం. 'ఎన్నింటికి అన్నారు?' అంటే మొత్తం మళ్లీ వినాలి. అందుకే గోడ మీద కాగితం.

ఫీజు బాకీ ఉన్నవాళ్ల పేర్లు గ్రూపులో పెట్టడం సిగ్గుచేటు పని. అది విడిగా చెప్పాల్సిన మాట. పిల్లల ఫొటోలకూ ముందు సమ్మతి తీసుకోండి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది.

ఎస్సెమ్మెస్

కీప్యాడ్ ఫోన్ ఉన్న తాతకు చేరేది ఇదొక్కటే. నెట్ అక్కర్లేదు. అయితే బడి పేరు మీద అందరికీ ఒకేసారి పంపాలంటే ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం డీఎల్టీ అనే నమోదు వ్యవస్థలో బడిని, హెడర్‌ను (పంపినవాళ్ల పేరుగా కనబడే పొట్టి పేరు), మెసేజ్ నమూనాను ముందే నమోదు చేయించాలి. వాన పడ్డ రాత్రి కూర్చుని నమూనా రాస్తే ఆమోదం రాదు. సెలవు, బస్సు ఆలస్యం, ఫీజు గడువు, పరీక్ష మార్పు: ఈ నాలుగు నమూనాలు జూన్‌లోనే ఆమోదింపజేసుకోవాలి.

తెలుగులో ఒక ఎస్సెమ్మెస్‌కు 70 స్థానాలే, ఇంగ్లీషు అక్షరాలకు 160. గుణింతం గుర్తు, పొల్లు, సున్న అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. 'రేపు (శుక్ర) బడికి సెలవు. శనివారం యథావిధిగా ఉంటుంది.' అన్నది 52 స్థానాలు. దాని చివర ' - ప్రిన్సిపాల్' అని పెడితే 67, ఇంకా ఒకటే మెసేజ్. 'గౌరవనీయులైన' అని మొదలుపెడితే రెండోది పడుతుంది, డబ్బు కూడా రెండింతలు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి పొదుపు చేద్దామనుకుంటారు కొందరు. అది కుర్రవాళ్లు చదువుతారు, తాత చదవడు.

యాప్‌ల సంగతి క్లుప్తంగా చెప్పొచ్చు: పాస్‌వర్డు మరచిపోతారు, ఫోన్‌లో చోటు చాలక తీసేస్తారు. ఫీజు రసీదుకు సరే, కబురుకు వద్దు. ఆదివారం ఆరాధనలో ప్రకటన ఆ ఒక్క సంఘానికే చేరుతుంది. అదనంగా చెప్పించొచ్చు, దాని మీదే ఆధారపడలేం.

ఏ కబురుకు ఏది?

తేదీ, డబ్బు, సంతకం ఉన్నదేదైనా శుక్రవారం కాగితంలో. అదే మ్యాటర్ ఆ సాయంత్రమే వాట్సాప్‌లో, వెంట వాయిస్. రాత్రికి రాత్రి మారేది ముందు వాట్సాప్, పది నిమిషాల్లో ఎస్సెమ్మెస్. రెండింటిలో తేదీ ఒకటేనా అని పంపేముందు రెండో మనిషి చదవాలి.

పాత ఏడాది కాగితం తీసి తేదీలు మార్చి కొట్టేటప్పుడు జాగ్రత్త. తెలంగాణ విద్యా క్యాలెండరులో మిషనరీ బళ్లకు క్రిస్మస్ సెలవులు వేరుగా ఇస్తారు. 2025లో డిసెంబరు 23 నుంచి 27 దాకా ఇచ్చారు. అన్న సర్కారు బడిలో, చెల్లె మిషన్ బడిలో ఉంటే ఇంట్లో తికమక తప్పదు, కాబట్టి 'మన బడికి' అని రాయాలి. శుభ శుక్రవారం తేదీ ఏటా మారుతుంది: 2026లో ఏప్రిల్ 3, 2027లో మార్చి 26. మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలై బస్సు సమయాలు మారేది, పదో తరగతి పరీక్షలు నడిచేది కూడా ఆ రోజుల్లోనే. ఆ నెలన్నర కాగితంలో బస్సు సమయం ప్రతి వారం అచ్చు వేయాలి, 'గత వారం చెప్పినట్టే' అనొద్దు.

ఫోన్ నంబర్లు జూన్‌లో ఒకసారి, దసరా సెలవుల తర్వాత ఇంకోసారి సరిచూసుకోవాలి. ఇంటికి రెండు నంబర్లు తీసుకోండి, అమ్మానాన్నలవి అని కాకుండా, ఒకటి ఫీజు కట్టేవాళ్లది, ఇంకొకటి రాత్రి పిల్ల ఎవరి దగ్గర ఉంటుందో వాళ్లది.