తరగతి గది ఇంగ్లీషు పదాల కార్డుల సెట్టు: డబ్బా విప్పగానే ఆట మొదలుపెట్టకండి

ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు తరగతి గదిలోని వస్తువుల పేర్లు ఇంగ్లీషులో నేర్పే ఆట సెట్టు ఇది. డబ్బాలో 24 బొమ్మ కార్డులు, వాటికి జతగా 24 మాట కార్డులు, 3×3 గళ్ల బింగో అట్టలు 6 (పిలిచిన పేరుకు తగ్గ బొమ్మను గళ్లలో వెతికి గుర్తుపెట్టే ఆటకు), ఆరు ముఖాల మీద ఆరు క్రియలు రాసిన పాచిక ఒకటి, నిమిషం ఇసుక గడియారం ఒకటి ఉన్నాయి. బొమ్మలు చక్కగా, స్పష్టంగా ఉన్నాయి. అట్ట కూడా దళసరిదే.

చిక్కంతా కార్డులు వాడమన్న తీరులోనే ఉంది. తెలుగు పిల్లల నోట బుక్కు, పెన్ను, బ్యాగు, బోర్డు ఎప్పటినుంచో ఉన్నాయి. వీటికి అర్థం చెప్పనక్కర్లేదు, చివర చేరిన ఉకారాన్ని వదిలించాలి. స్కేలు, రబ్బరు అనే పిల్లలకు రూలర్, ఇరేజర్ తెలిసిన వస్తువులకే కొత్త పేర్లు. గ్లూ, షెల్ఫ్ లాంటివైతే మాటే కొత్త. సూచనల కాగితం మాత్రం అన్నిటినీ ఒకే గాటన కట్టి, రోజుకు 12 చొప్పున రెండు రోజుల్లో ముగించమంటుంది. అలా చేస్తే తెలిసినవాటితో పొద్దు గడిచిపోతుంది, కొత్తవి ఒంటబట్టవు. ముందే మూడు కుప్పలు చేసుకోండి. ఒక పూటకు కొత్తవి 5, తెలిసినవి 3 చాలు. ఉకారం కుప్పకు ఒక కిటుకు ఉంది: ‘బుక్’ అంటూ గుప్పిట టక్కున మూయించండి, చేతితో పాటే మాటా ఆగుతుంది. ‘డెస్క్’ చివర రెండు హల్లులున్నాయి కాబట్టి దాన్ని ఆఖరికి ఉంచండి.

సెట్టులోని ఆటల్లో మేలైనది ‘ఏది పోయింది?’. ఆరు కార్డులు పరిచి, ఇరవై లెక్కపెట్టేదాకా చూడనిచ్చి, కళ్లు మూయించి ఒకటి తీసేయాలి. కళ్లు తెరిచాక ఎదుట లేనిదాని పేరు చెప్పాలి. బొమ్మను చూసి పోల్చుకోవడం తేలికే; లేనిదాన్ని తలచుకుని పలికినప్పుడే మాట నిలుస్తుంది. మొదటి రెండు రోజులు తీసిన చోటు ఖాళీగానే వదలండి, మూడో రోజు నుంచి మిగిలిన ఐదింటి చోట్లు మార్చేయండి. ‘రూలర్’ అని ఊరుకోనివ్వకుండా ‘ద రూలర్ ఈజ్ మిస్సింగ్’ అని పూర్తిగా చెప్పించండి.

పాచిక ఆలోచన మంచిదే. ‘టచ్’, ‘పాయింట్ టు’, ‘పికప్’ ఏ కార్డుతోనైనా కుదురుతాయి. ‘ఓపెన్’, ‘క్లోజ్’ పడినప్పుడే తంటా: కుర్చీని ఎలా తెరుస్తారు? ఆ రెండు ముఖాలకూ బుక్, బ్యాగ్, డోర్, విండో కార్డులు విడిగా పెట్టుకోవాలి. దీంతోనే ‘సైమన్ సేస్’ (ఆ రెండు మాటలతో మొదలైన ఆజ్ఞనే పాటించాల్సిన ఆట) ఆడించి, తప్పు చేసినవాళ్లను బయట కూర్చోబెట్టమని కాగితం చెబుతుంది. దయచేసి అలా చేయకండి. మొదటి నిమిషంలోనే బయటికొచ్చేది ఎక్కువ సాధన కావలసిన బిడ్డే. తప్పుకు ఒక పాయింటు తగ్గించి ఆటలోనే ఉంచండి.

బింగో అట్టలు ఆరే. 30 మంది ఉంటే ఒక్కో అట్ట చుట్టూ ఐదుగురు చేరతారు, వేలు పెట్టేది ఒక్కరే. నోటుబుక్కులో తొమ్మిది గళ్లు గీయించి, 24లో నచ్చిన తొమ్మిది బొమ్మలు వాళ్లచేతే వేయించండి. పేర్లు పిలిచే పని కూడా పిల్లలకే అప్పగించాలి. టీచరే పిలిస్తే వాళ్లకు వినడమే తప్ప మాట్లాడే అవకాశం రాదు.

తయారీలో మూడు లోపాలున్నాయి. కత్తెర కార్డు మీద ‘సిజర్’ అని ఉంది, చివర ఎస్ లేదు. ఒక్క కత్తెరైనా ఇంగ్లీషులో ‘సిజర్స్’ అనే అంటారు కాబట్టి ముందే పెన్నుతో దిద్దండి. బొమ్మ కిందనే పేరు అచ్చువేశారు, చదవడం వచ్చినవాళ్లు బొమ్మ వైపే చూడరు. అంటించి తీసేయగల కాగితం ముక్కతో కప్పండి. రెండు రకాల కార్డుల వెనకా ఒకే నీలం రంగు, అందుకే బోర్లించిన కార్డులు రెండేసి తిప్పి బొమ్మకు మాటను కలిపే జతల ఆటలో పిల్లలు రెండు బొమ్మలే తిప్పుతుంటారు. మాట కార్డుల వెనక ఒక మూల ఎర్ర చుక్క పెడితే సరిపోతుంది. ఈ ఆట 48తో కాదు, 6 జతలతో మొదలుపెట్టాలి.

పదిమంది లోపు పిల్లలుంటే నిస్సంకోచంగా కొనవచ్చు. పెద్ద తరగతికి ఒక్క డబ్బా చాలదు, అరచేతిలో పట్టే కార్డు వెనక వరుసకు కనిపించదు. ఒక్క కార్డు పోయినా జత చెడుతుంది. లెక్క కోసం వెనక అంకెలు వేస్తే జతల ఆటలో పిల్లలు వాటినే గుర్తుపెట్టుకుంటారు, అందుకని మూత లోపలి వైపు 24 పేర్లూ రాసుకుని, సర్దేటప్పుడు ఒక్కొక్కటీ పిల్లలచేత చదివిస్తూ లోపల పెట్టించండి.