గవర్నర్‌పేటలో చేయించుకున్న చలువ కళ్ళద్దాలు: రెండు వేసవుల తరువాత

గన్నవరం నుంచి ఏటీఆర్ 72-600 విమానాలు నడిపే నాకు వేసవిలో అన్నిటికన్నా ముందు అలసిపోయేవి కళ్ళు. విమానం చుట్టూ తిరిగి టైర్లు, ప్రొపెల్లర్లు, లీకులు చూసుకునే తనిఖీ ప్రతి ప్రయాణానికి ముందూ తప్పదు. రోహిణి కార్తె మధ్యాహ్నాలలో ఆ కాసేపట్లోనే, నెత్తిన పడే ఎండకన్నా కాంక్రీటు మీద నుంచి ఎగసి కళ్ళలో కొట్టే ఎండ ఎక్కువగా బాధిస్తుంది. ఇక పొద్దున్నే తూర్పుముఖంగా 08 రన్‌వేపై దిగుతున్నప్పుడు, ఎడమవైపు దూరంగా నున్న గ్రామపు మామిడి తోటలు దాటేసరికి సూర్యుడు దాదాపు ఎదురుగా ఉంటాడు.

లోగడ ఒక పెద్ద షోరూములో వారి మాట నమ్మి పోలరైజ్డ్ అద్దాలు, అంటే ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే వదిలేవి, కొన్నాను. కృష్ణ నీటి మీది తళుకును అవి చక్కగా తగ్గించేవి. కానీ ఎల్‌సీడీ తెరల నుంచి వచ్చే కాంతి అప్పటికే పోలరైజ్ అయి ఉంటుంది కనుక, తల ఒక పక్కకు వంచితే చాలు, వేగమూ ఎత్తూ చూపే తెర మసకబారేది. ఎండను బట్టి నల్లబడే ఫొటోక్రోమిక్ అద్దాలూ మాకు పనికిరావు. అవి నల్లబడటానికి కావలసిన అతినీలలోహిత కిరణాలలో చాలా భాగాన్ని విండ్‌షీల్డే ఆపేస్తుంది.

గవర్నర్‌పేటలోని ఈ చిన్న దుకాణం యజమాని నా ఇబ్బంది పూర్తిగా విన్న తరువాత, బిల్లులు వేసే క్యాలిక్యులేటర్ మీద నా పాత అద్దాన్ని పెట్టి మెల్లగా తిప్పారు. పావు చుట్టు తిరిగేసరికి అంకెలు మాయమయ్యాయి. "ఇదేనా అండీ మీ బాధ?" అని నవ్వి, పోలరైజ్ చేయని బూడిద రంగు సీఆర్-39 (ఒక రకం ప్లాస్టిక్) అద్దాలు చూపించారు. అవి సుమారు 85 శాతం వెలుతురును ఆపుతాయి, రంగులను మాత్రం మార్చవు. ఎరుపు, కాషాయ రంగు హెచ్చరికల తేడా క్షణంలో తెలియవలసిన మాకు అదే ముఖ్యం. కాడలు సన్నటి తీగవి కావడం వల్ల హెడ్‌సెట్ చెవులకు గట్టిగా అతుక్కుంటుంది. లావుపాటి ప్లాస్టిక్ కాడల సందులోంచి ప్రొపెల్లర్ల హోరు లోపలికి వచ్చేది.

లోపాలు లేకపోలేదు. ఏటీఆర్‌లో విడిగా ఏపీయూ, అంటే నేల మీద ఉన్నప్పుడు కరెంటూ ఏసీ గాలీ ఇచ్చే చిన్న ఇంజను, ఉండదు. చల్లదనం కావాలంటే కుడి ప్రొపెల్లరుకు బ్రేకు వేసి ఆ ఇంజను నడిపించాలి, లేదా బయటి నుంచి చల్లగాలి అందాలి. ఈ రెండూ లేని కాసేపట్లో పట్టే చెమటకు కళ్ళద్దాలు ముక్కు మీద నుంచి జారిపోయేవి. సిలికాన్ ప్యాడ్లు వేయించాక అది తగ్గింది, దానికి వారు డబ్బు తీసుకోలేదు. ఎండ పడేచోట మరిచిపోయి పెడితే మాత్రం తీగ చురుక్కుమంటుంది. ఒకసారి కణత మీద కాల్చుకున్నాను.

ధర 2,800 రూపాయలు, చేసివ్వడానికి నాలుగు రోజులు పట్టింది. వేసవిలో మధ్యాహ్నం షట్టరు దించేస్తారు కనుక సాయంత్రం అయిదు దాటాక వెళ్ళడం మంచిది.