9 కి, 10 కి మధ్య: కార్డుల గ్రేడింగ్‌తో తొమ్మిదేళ్ల అనుభవం

డాలస్ దగ్గర ఉద్యోగం చేసుకుంటూ, 1980లు, 1990ల నాటి బాస్కెట్‌బాల్ కార్డులు (ఆటగాళ్ల బొమ్మలు అచ్చేసిన చిన్న అట్టలు) సేకరించడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. ఇప్పటివరకు దాదాపు నూట యాభై కార్డులను రెండు వేర్వేరు సంస్థలకు గ్రేడింగ్ కోసం, అంటే కార్డు ఎంత బాగుందో చూసి అంకె వేయించడం కోసం, పంపాను. కార్డు మీది లోపం ధరను ఎంత కోస్తుందో, లోపం కార్డులో కాక గ్రేడింగ్‌లోనే ఉంటే ఆ నష్టాన్ని ఎవరు భరిస్తారో నా సొమ్ముతోనే తెలుసుకున్నాను కనుక ఈ సమీక్ష రాస్తున్నాను.

పని పైకి సులువుగానే కనిపిస్తుంది. గ్రేడర్ సెంటరింగ్ (బొమ్మ అంచుల మధ్య సరిగ్గా నడుమ ఉందా అన్నది), కార్నర్లు, ఎడ్జ్‌లు, సర్ఫేస్ చూసి 1 నుంచి 10 లోపు ఒక అంకె వేస్తాడు. కార్డు స్లాబ్ అనే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలై తిరిగి వస్తుంది. అసలుదో నకిలీదో తేల్చి చెప్పడంలో ఈ సేవకు నేను పూర్తి మార్కులు వేస్తాను. చిక్కంతా ఆ అంకెతోనే. 8 కి, 9 కి మధ్య ధరలో తేడా ఒక మోస్తరుగా ఉంటుంది. 9 నుంచి 10 కి వెళ్లేసరికి మాత్రం, పేరున్న ఆటగాడి రూకీ కార్డయితే (కెరీర్ తొలినాళ్ల కార్డు), అది కొన్ని రెట్లవుతుంది. ఆ ఒక్క మెట్టును నిర్ణయించేది చాలాసార్లు కంటికి ఆనని లోపమే.

సెంటరింగ్‌నే తీసుకుందాం. 10 రావాలంటే ముందువైపు ఎదురెదురు అంచుల వెడల్పుల నిష్పత్తి సుమారు 55/45 లోపు ఉండాలని పీఎస్ఏ అనే గ్రేడింగ్ సంస్థ ప్రమాణం చెబుతోంది. అంతకుముందు 60/40 వరకు వెసులుబాటు ఉండేది. ఎడమ, కుడి అంచుల వెడల్పు కలిపి 3 మిల్లీమీటర్లున్న కార్డులో 55/45 అంటే 1.65, 1.35 మిల్లీమీటర్లు, 60/40 అంటే 1.8, 1.2 మిల్లీమీటర్లు. రెంటికీ తేడా ఒక్కో పక్క 0.15 మిల్లీమీటరు మాత్రమే. పాత నియమం కింద 10 తెచ్చుకున్న కార్డూ, కొత్త నియమం కింద తెచ్చుకున్న కార్డూ ఒకే రకం అంకెతో పక్కపక్కనే అమ్మకానికి వస్తాయి కనుక, కొనేవాడు స్కేలు పెట్టి చూసుకోక తప్పదు. అయినా ఇది కొలవదగిన లోపం కావడం వల్ల దీని మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు.

ఎడ్జ్‌ల సంగతి కార్డు డిజైన్ మీద ఆధారపడి ఉంటుంది. ఫ్లీర్ కంపెనీ 1986-87 సెట్‌లో 132 కార్డులకూ రంగు అంచులుంటాయి. తెల్ల అంచు మీద దాగిపోయే చిన్న పెచ్చు వాటి మీద తెల్లటి చుక్కై బయటపడుతుంది. నా దగ్గరున్న చార్లెస్ బార్క్‌లీ రూకీ కార్డుకు అడుగు అంచున ఆవగింజలో సగమంత పెచ్చు లేచింది. దానికి 8 వచ్చింది, అది న్యాయమే. నల్లటి అంచులున్న టాప్స్ కంపెనీ 1971 బేస్‌బాల్ కార్డులకూ ఇదే అవస్థ.

నన్ను ఎక్కువగా విసిగించింది సర్ఫేస్. 2019లో 1996-97 టాప్స్ క్రోమ్ (లోహంలా మెరిసే కార్డుల) సెట్‌లోని ఆలెన్ ఐవర్సన్ రూకీ కార్డు పంపాను. టేబుల్ ల్యాంపు కింద ఏటవాలుగా వంచి చూస్తే తప్ప కనిపించని సన్నని ప్రింట్ లైన్ (అచ్చులో పడ్డ గీత) ఒకటి దాని మీద ఉంది. 9 వచ్చింది, అమ్మేశాను. ఏడాదిన్నర తర్వాత అదే కార్డు, అదే సంస్థ స్లాబ్‌లో, 10 తో వేలానికి వచ్చింది. వెనకవైపు గణాంకాల పట్టికలో ఒక అంకె కింద ఉన్న సిరా చుక్కను నా పాత స్కాన్‌తో పోల్చి చూసి గుర్తుపట్టాను. స్లాబ్ పగలగొట్టి మళ్లీ పంపడం నిషిద్ధం కాదు. కొన్నవాడు పంపాడు, రెండో గ్రేడర్‌కు ఆ గీత కనిపించలేదు, లేదా లెక్కలోకి రాలేదు. నేను సంస్థకు రాస్తే, గ్రేడ్ అనేది అభిప్రాయమని మర్యాదగా జవాబిచ్చారు. అభిప్రాయమే అయితే, గ్రేడ్ వచ్చాక కార్డు విలువ పెరిగిందని అదనపు రుసుము ఎందుకు తీసుకుంటారో మాత్రం చెప్పలేదు.

అన్నిటికంటే ఖరీదైన పొరపాటు పీఎస్ఏ మొదటి స్లాబ్‌లోనే ఉంది. ఆ సంస్థ తొలిసారి గ్రేడ్ చేసిన, టీ206 అనే పాత బేస్‌బాల్ సెట్‌లోని హోనస్ వాగ్నర్ కార్డుకు 8 వచ్చింది; 2007లో అది 28 లక్షల డాలర్లకు అమ్ముడైంది. దాని అంచులు తానే కత్తిరించానని వేలందారు బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. కత్తిరించిన కార్డుకు అంకె వేయకూడదన్నది నియమం. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నేను కొనే ప్రతి పాత కార్డునూ, స్లాబ్‌లో ఉన్నా సరే, కొలతల్లో తేడా ఉందేమోనని చూస్తాను. అంచులు అతి నున్నగా, వయసుకు మించి పదునుగా ఉంటే వదిలేస్తాను.

స్లాబ్‌లో చేరాక కార్డు మారదన్న నమ్మకమూ నాకు పోయింది. 1990ల క్రోమ్ కార్డులు కొన్ని కాలం గడిచేకొద్దీ ఆకుపచ్చ రంగుకు తిరుగుతాయి. నా దగ్గరున్న ఒకటి 9 గా వచ్చినప్పుడు వెండిలా మెరిసేది. ఇప్పుడు పాచి పట్టిన గోడలా ఉంది. లేబుల్ మీద అంకె మాత్రం అదే.

సేవను మానలేదు. అయితే 9 వచ్చినా రుసుము గిట్టుబాటయ్యే కార్డులే పంపుతున్నాను, 10 మీద ఆశ పెట్టుకుని దేన్నీ పంపడం లేదు. పంపే ముందు ప్రతి కార్డుకూ రెండు వైపులా స్కాన్ తీసి, నాలుగు అంచుల వెడల్పులూ రాసి పెట్టుకుంటున్నాను. కొనేటప్పుడు 10 కి బదులు, సెంటరింగ్ చక్కగా ఉండి ప్రింట్ లైన్ వల్ల తగ్గిన 9 లు వెతుకుతున్నాను. బీరువాలో ఉన్నవాటిలో నాకు బాగా నచ్చినవన్నీ అవే.