అల్లరి కుక్కపిల్ల ఇంట్లో ఉంటే: కట్టేయడమా, వదిలేయడమా, గేటు పెట్టడమా? ఏది మేలు?

మూడు నాలుగు నెలల కుక్కపిల్ల ఉన్న ఇంట్లో రోజూ జరిగే గొడవ ఇదే. నాన్న కట్టెయ్యమంటారు, పిల్లలు వదిలెయ్యమంటారు, నాయనమ్మేమో అది దేవుడి గది వైపు రాకుండా ఏదో ఒకటి చెయ్యమంటది. మా ఇంట్లో మా కుక్కపిల్ల జున్నుగాడు వచ్చాక మూడు పద్ధతులూ చూశాం, చుట్టుపక్కల ఇళ్ళల్లో పెంచేవాళ్ళనీ చూశాను, అందుకే నా అభిప్రాయం గట్టిగానే చెప్తున్నా.

ముందు అసలు అది ఎందుకు కొరుకుతుందో తెలియాలి. కుక్కపిల్లకి 28 పాలపళ్ళు ఉంటాయి, మూడు నాలుగు నెలల వయసు నుంచి అవి ఊడటం మొదలై ఆరేడు నెలలకల్లా 42 పెద్ద పళ్ళు వచ్చేస్తాయి. పళ్ళొచ్చే చంటిపిల్లలకి చిగుళ్ళు సలిపినట్టే దీనికీ ఉంటది, అందుకే చెప్పు, సోఫా అంచు, చార్జర్ వైరు, మన చెయ్యి, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటది. ఇది పొగరు కాదు, మన మీద కక్ష అంతకన్నా కాదు. కొట్టి మాన్పించేదీ కాదు. ఆ నాలుగైదు నెలలూ దాన్ని ఎక్కడ ఉంచుతున్నాం అన్నదే లెక్క.

కట్టేసే పద్ధతి చూద్దాం. ఇల్లు శుభ్రంగా ఉంటది, చెప్పులు మిగులుతాయి, ఎవరికీ అడ్డం రాదు, ఇవి నిజమే. కానీ వరండాలోనో కార్ షెడ్‌లోనో గొలుసుకి కట్టేసిన పిల్ల ఏం నేర్చుకుంటది? పడుకున్న చోటే పాస్ పోసుకోవడం అలవాటైపోద్ది, గేటు ముందు నుంచి ఎవరు పోయినా గొలుసు లాక్కుంటూ మొరగడం నేర్చుకుంటది, మనుషులు దగ్గరికొస్తే ఆనందం పట్టలేక మీద పడుద్ది, దాంతో పిల్లలు ఇంకా భయపడి దూరం పోతారు, అది ఇంకా ఒంటరిదైపోద్ది. మనుషుల్నీ చప్పుళ్ళనీ అలవాటు చేసుకునే వయసు మూడు వారాల నుంచి సుమారు మూడు మూడున్నర నెలల దాకానే ఉంటది, ఆ టైమ్‌లో దూరం పెడితే పెద్దయ్యాక సరిచెయ్యడం చాలా కష్టం. పైగా ఎదిగే పిల్ల కదా, మెడ పట్టీ ఎప్పుడు బిగుసుకుపోతుందో కూడా చూసుకోం, రెండు వేళ్ళు దూరేంత వదులు ఉందో లేదో వారానికోసారైనా చూడాలి. ఇంక రోహిణి కార్తె ఎండల్లో డాబా మీద కట్టేసేవాళ్ళని చూస్తే నాకు కడుపు మండిపోద్ది, కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పడమే దానికి దిక్కు, వడదెబ్బకి ప్రాణమే పోవచ్చు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం కూడా పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని అసలు తిప్పకపోవడం నేరాలే.

ఇంక ఇల్లంతా వదిలేయడం. పిల్లలకి ఇదే ఇష్టం, కుక్కకీ ఇదే ఇష్టం, మనుషులకి బాగా మాలిమి అవుద్ది. కానీ మన ఇళ్ళల్లో ఉల్లిపాయల బుట్ట కిందే ఉంటది, కిస్‌మిస్ డబ్బా పిల్లల చేతికందేలా ఉంటది, నాయనమ్మ మాత్రలు మంచం పక్కనే ఉంటాయి. ఉల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, మనం వేసుకునే నొప్పుల మాత్రలు, ఇవన్నీ కుక్కకి విషం. ఉడికిన కోడి ఎముక కూడా ఇవ్వకూడదు, చీలికలై లోపల గుచ్చుకుంటది. పెద్దవాళ్ళ కాళ్ళకి అడ్డంపడి వాళ్ళు జారిపడే ప్రమాదం ఇంకొకటి. అన్నిటికన్నా ముఖ్యం, సోఫా కొరికి ఒకసారి మజా చూసిన పిల్ల రెండోసారి వెతుక్కుంటూ వస్తది, మనం అరుస్తూ వెంటపడితే అది కూడా ఆటే అనుకుంటది.

అందుకే నా ఓటు మూడోదానికి, అంటే హాల్లో ఒక మూల, వంటగదికి దగ్గరగా, మనుషులు కనబడే చోట గేటు పెట్టి దానికంటూ ఒక జాగా ఇవ్వడం. కుక్కపిల్లల కోసం అమ్మే రెడీమేడ్ కంచె (పెన్) కొనక్కర్లేదు, అది దూకలేని ఎత్తులో ప్లైవుడ్ చెక్క కదలకుండా అడ్డం పెట్టినా చాలు. లోపల ఒక పాత బొంత, నీళ్ళ గిన్నె, కొరుక్కోవడానికి రెండు మూడు గట్టి బొమ్మలు. ఫ్రిజ్‌లో పెట్టిన పెద్ద క్యారెట్ ముక్క ఇస్తే చిగుళ్ళకి హాయిగా ఉంటది, మనం చూస్తుండగా మాత్రమే ఇవ్వండి.

కుక్కపిల్ల రోజుకి 18 నుంచి 20 గంటలు నిద్రపోవాలి, ఈ మాట చాలామందికి తెలీదు. సాయంత్రం ఏడింటికల్లా పూనకం వచ్చినట్టు ఇల్లంతా పరిగెత్తి పంచెలు, చున్నీలు పట్టుకు లాగుతుంది చూశారా, అది చాలాసార్లు నిద్ర చాలకే, మనమేమో ఇంకా ఆడిస్తాం. ఆ టైమ్‌లో దాని జాగాలో పెట్టి లైటు తగ్గిస్తే పది నిమిషాల్లో పడుకుంటది. పాస్ సంగతికొస్తే ఎన్ని నెలలుంటే దానికి ఒకటి కలుపుకోండి, మహా అయితే అన్ని గంటలు ఆపుకోగలదు. నిద్ర లేవగానే, తినగానే, ఆడాక బయటికి తీసుకెళ్ళాలి, అక్కడ పోస్తే వెంటనే మెచ్చుకోవాలి. పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు) టీకాలు పూర్తయ్యేదాకా, అంటే సుమారు నాలుగు నెలల వరకు, రోడ్డు మీద కాదు, మన పెరట్లోనే.

ఈ పద్ధతిలో కష్టం లేదా అంటే ఉంది. మొదటి కొన్ని రాత్రులు ఏడుస్తది, జున్నుగాడు ఏడుస్తుంటే మా అమ్మ ఆ పక్కనే చాప వేసుకుని పడుకుంది, అది మంచి పనే, తోడు ఉందని తెలిస్తే త్వరగా కుదురుకుంటది. శిక్షగా మాత్రం ఎప్పుడూ అందులో పెట్టకండి, రోజంతా ఉంచకండి. మనం ఖాళీగా ఉన్నప్పుడు బయటికి వదిలి కళ్ళముందే ఆడించాలి, నోట్లో చెప్పు ఉంటే లాక్కోకుండా బొమ్మ చూపించి మార్పిడి చేసుకోవాలి. పళ్ళు మారడం అయ్యాక ఒక్కో గదీ అలవాటు చేసుకుంటూ పోవచ్చు. దేవుడి గదికి గేటు ఎప్పటికీ ఉంచుకోండి, నాయనమ్మ మనసు కూడా ముఖ్యమే కదా.

ఆడుతూ పిల్లల్ని పంటితో గీరి రక్తం వస్తే కుక్కపిల్లే కదా అని వదిలెయ్యొద్దు, సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడిగి డాక్టర్‌కి చూపించండి. కుక్కపిల్లకి రేబిస్ టీకా మూడు నెలల వయసుకి వేయించాలి.

పొద్దున్నే అందరూ ఆఫీసులకీ స్కూళ్ళకీ పోయి సాయంత్రం దాకా తాళం వేసి ఉండే ఇంటికైతే ఈ మూడింట్లో ఏదీ పనికిరాదు. మధ్యాహ్నం వచ్చి చూసే మనిషి లేకపోతే పిల్లని తేవొద్దు, ఏడాది రెండేళ్ళు దాటి కుదురుగా ఉన్న కుక్కని దత్తత తీసుకోండి, అదీ మధ్యలో ఒకరు వచ్చి కాస్త తిప్పగలిగితేనే.