స్ప్రే బూత్‌కు ఏ ఫిల్టర్ మేలు: గ్లాస్ ప్యాడా, మడతల పేపరా, నీళ్ల తెరా?

స్ప్రే బూత్ అంటే పెయింట్ కొట్టే గది. అక్కడి గాలిని ఫ్యాన్ ఫిల్టర్ గుండా లాగి గొట్టంలోంచి బయటికి పంపుతుంది. గన్ నుంచి వెలువడిన పెయింట్‌లో వస్తువుకు అంటకుండా గాల్లో కొట్టుకుపోయేదే ఓవర్‌స్ప్రే. దాన్ని ఫ్యాన్ దాకా పోనివ్వకూడదు. పోతే రెక్కలకు పట్టి ఒకవైపు బరువెక్కిస్తుంది. అక్కణ్నుంచి అదురు, బేరింగుల అరుగుదల మొదలవుతాయి. గొట్టం పైనుంచి బయటపడ్డ తుంపర చుట్టుపక్కల నిలిపిన బండ్ల మీద చుక్కలు చుక్కలుగా అంటుకుంటుంది. ఫిల్టర్ కొనేవాళ్లు సాధారణంగా ఓవర్‌స్ప్రేలో ఎంత పడుతుందని పెట్టె మీద రాసిన శాతం చూస్తారు. దానికంటే ముందు చూడాల్సింది ఒకటుంది: మీ పెయింట్ ఫిల్టర్‌ను చేరేసరికి తడిగా ఉందా, పొడి అయిపోయిందా?

ఎపాక్సీ, పీయూ (పాలీయురేథేన్) లాంటి పెయింట్లు నెమ్మదిగా ఆరతాయి, జిగటగానే వచ్చి తగులుతాయి. నైట్రోసెల్యులోజ్ లాకర్ (త్వరగా ఆరే మెరుపు పూత) మాత్రం దారిలోనే ఆరి ధూళిగా మారుతుంది. ఈ రెంటికీ ఒకే ఫిల్టర్ సరిపోదు.

ఫైబర్‌గ్లాస్ ప్యాడ్ 50 నుంచి 60 మి.మీ. మందం ఉంటుంది. ముందువైపు పోగులు వదులుగా, వెనక్కి పోయేకొద్దీ దట్టంగా ఉంటాయి. పెద్ద చుక్కలు ముందే ఆగుతాయి, సన్నవి లోతులో చిక్కుతాయి. పొడి ధూళిని పట్టడంలో ఇది పేపర్ కంటే నమ్మకం. జిగట పెయింట్ ధారాళంగా కొట్టేచోట మాత్రం ముందు ముఖం మీద తోలులా పొర కట్టేస్తుంది. వెనక సగం ఇంకా శుభ్రంగానే ఉంటుంది, కానీ గాలి పోదు. చాలామంది చేసే తప్పు ప్యాడ్‌ను తిరగేసి పెట్టడం. వదులు వైపు గన్ వైపుకు, దట్టమైన వైపు ఫ్యాన్ వైపుకు ఉండాలి. వెనక తీగ జాలీ లేకపోతే బరువెక్కిన ప్యాడ్‌ను ఫ్యాన్ లోపలికి లాగేసుకుంటుంది.

మడతల పేపర్ ఫిల్టర్ పనిచేసే తీరే వేరు. ఇది జల్లెడ కాదు. రెండు అట్ట పొరలుంటాయి, ముందు పొర రంధ్రాలకు ఎదురుగా వెనక పొరలో రంధ్రాలుండవు. గాలి గబుక్కున మలుపు తిరుగుతుంది, బరువైన చుక్క తిరగలేక అట్టకు కొట్టుకుని అంటుకుపోతుంది. మడతల సందుల్లో పెయింట్ నిండడానికి చోటు ఎక్కువ. అందుకే ప్యాడ్ చదరపు మీటరుకు 3 నుంచి 4 కిలోలు పడితే, ఇది సుమారు 15 కిలోల దాకా పడుతుంది. కానీ పొడి ధూళి అట్టకు తగిలి ఎగిరిపోతుంది, బాగా సన్నని రేణువు గాలితోపాటే మలుపు తిరిగి తప్పించుకుంటుంది. ఇంకో చిక్కు: ఒక్క పెట్టెతో ఎక్కువ గోడ కప్పేద్దామని పేపర్‌ను సాగదీస్తే మడత తెరుచుకుని మలుపే పోతుంది. తయారీదారు చెప్పిన మడతల లెక్క తప్పకూడదు.

లెక్క వేసి చూద్దాం. ఫిల్టర్ గోడ 10 చదరపు మీటర్లు, గాలి వేగం సెకనుకు 0.5 మీటర్లు. అంటే గంటకు 18,000 ఘనపు మీటర్ల గాలి. రోజుకు 10 లీటర్ల పెయింట్, లీటరు 1.2 కిలోలు, అందులో సగం ఘనపదార్థం: 6 కిలోలు. గన్ 40 శాతమే వస్తువుకు పట్టిస్తే 3.6 కిలోలు గాల్లోకి. చదరపు మీటరుకు 4 కిలోలు పట్టే గ్లాస్ ప్యాడ్ అయితే 11 రోజులు, పేపర్ అయితే 41 రోజులు. అదే గన్‌ను హెచ్‌వీఎల్‌పీకి (తక్కువ పీడనంతో ఎక్కువ గాలి ఊదే రకానికి) మార్చి 60 శాతం పట్టిస్తే 16, 62 రోజులు. ఫిల్టర్ మార్చేకంటే ముందు గన్ మార్చడం ఎందుకు మేలో ఈ అంకెలే చెబుతాయి.

ఇక శాతం సంగతి. 98 శాతం అంటే పై 3.6 కిలోల్లో రోజుకు 72 గ్రాములు తప్పించుకున్నట్టు, 300 పని దినాలకు 21 కిలోల పైమాట. 99.5 శాతం అయితే 5.4 కిలోలు. తేడా పెద్దదే. కానీ ఫ్రేమ్ అంచున 5 మి.మీ. సందు రెండున్నర మీటర్ల పొడవున వదిలితే, ఫిల్టర్‌కు ముందూ వెనకా పీడనం తేడా 60 పాస్కల్ (పీడనం కొలత) ఉన్నప్పుడు మొత్తం గాలిలో దాదాపు ఒకటిన్నర శాతం ఫిల్టర్‌ను తాకకుండానే పోతుంది. అంటే ఖరీదైన ఫిల్టర్ కొన్న లాభం ఆ సందులోనే పోయినట్టు. ప్యాడ్‌ను ఫ్రేమ్ కంటే కాస్త పెద్దదిగా కోసి నొక్కి కూర్చోబెట్టండి, క్లిప్పులు బిగించండి.

జిగట పెయింట్ ఎక్కువగా కొట్టే బూత్‌కు మా సలహా రెండు దశలు: ముందు మడతల పేపర్, 5 నుంచి 10 సెం.మీ. ఎడంతో వెనక గ్లాస్ ప్యాడ్ లేదా పాకెట్ ఫిల్టర్ (సంచుల్లా ఉండేది). బరువు పేపర్ మోస్తుంది, సన్నదాన్ని వెనకది పడుతుంది. లాకర్ మాత్రమే కొట్టేవాళ్లకు పేపర్ దండగ, నేరుగా ప్యాడ్‌కే వెళ్లండి. ఏదైనా ఫ్యాన్ బలం ముందే చూసుకోవాలి. చాలా ఫిల్టర్లను 125 పాస్కల్ దగ్గర మార్చమంటారు, కానీ మామూలు యాక్సియల్ ఫ్యాన్ (గాలిని నేరుగా ముందుకు నెట్టే రకం) అంతదాకా లాగలేక ముందే చతికిలబడుతుంది. కొత్త ఫిల్టర్ పెట్టిన రోజు మానోమీటర్ (ఆ పీడనం తేడా చూపే పరికరం) రీడింగ్ రాసుకోండి. గోడ మీద తొమ్మిది చోట్ల గాలి వేగం కొలవండి. సగటు సెకనుకు 0.4 మీటర్లకు పడిపోయినప్పటి పీడనమే మీ బూత్‌లో ఫిల్టర్ మార్చాల్సిన గుర్తు.

నీళ్ల తెర బూత్‌లో పారే నీళ్లే ఓవర్‌స్ప్రేను పడతాయి. ఇది రోజంతా ఆగకుండా పదుల లీటర్లు కొట్టే చోటికే. గాలికి అడ్డు పెరగదు, ఫిల్టర్ మార్చే పని లేదు. బదులుగా పంపు, నాజిళ్లు, జిగట చంపే రసాయనం, తొట్టి అడుగున పేరుకునే పెయింట్ బురద (స్లడ్జ్) మీద రోజూ కన్నుండాలి. రసాయనం మోతాదు తగ్గితే పెయింట్ గొట్టాల్లోనే గడ్డకడుతుంది. పైగా మామూలు తెర సన్న రేణువులను వదిలేస్తుంది.

ఈ మూడింటిలో ఏదీ సాల్వెంట్ (పెయింట్‌ను పలచగా ఉంచే ద్రవం) ఆవిరిని ఆపదు. దానికి యాక్టివేటెడ్ కార్బన్ (ఆవిరిని పట్టే బొగ్గు) వేరుగా కావాలి, అదీ ఫిల్టర్ తర్వాతే. ముందు పెడితే పెయింట్ పట్టి వెంటనే పాడవుతుంది. పెయింటర్ ముసుగు ఎట్టి పరిస్థితిలోనూ తీయకూడదు.

తీసిన ఫిల్టర్లను మూలన కుప్ప పోయొద్దు. నైట్రోసెల్యులోజ్ పట్టినవి తమంతట తాము వేడెక్కి అంటుకోగలవు. నీళ్లు నింపిన, మూత ఉన్న ఇనుప డ్రమ్ములో ముంచి ఉంచి, పారవేసేవాళ్లకు అప్పగించండి. గట్టిపడేందుకు పెరాక్సైడ్ కలిపే పాలిస్టర్ పెయింట్, లాకర్ రెండూ కొట్టే బూత్ అయితే, ఒకటి ఆపి రెండోది మొదలుపెట్టే ముందు ఫిల్టర్లన్నీ తీసి బూత్ గోడలు గీకాలి. ఆ రెండూ ఒకే ప్యాడ్‌లో కలవనివ్వకండి.